సైబరాబాద్ సంపద ఎవరి ఖాతాలోకి?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అర్థశాస్త్రమంటే పుస్తకాల వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. కానీ మాదాపూర్, గచ్చిబౌలి భూముల మీద ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చింది ఒక అర్థశాస్త్ర సిద్ధాంతమే. పై కుండ నిండితే కిందికి పొర్లుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టండి అన్నదే దాని సారం. అసమానతలు మొదట పెరిగినా తర్వాత తగ్గుతాయని 1955లో సైమన్ కుజ్నెట్స్ అన్న మాటను దానికి ఆసరా చేసుకున్నారు. అందులో ఆధారం నూటికి అయిదు పాళ్లు, మిగతా తొంభై అయిదు పాళ్లు ఊహేనని ఆయనే ఒప్పుకున్నాడు. మన పాలకులు ఆ ఊహనే విధానంగా మార్చారు.

1998లో ప్రపంచబ్యాంకు రుణం వచ్చింది. అదే ఏడు నవంబర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 1999లో మెకిన్సే తోడ్పాటుతో 'విజన్ 2020' వెలువడింది. ఆ భాష చూడండి. రైతు మోటారుకిచ్చే కరెంటు 'సబ్సిడీ', ఖజానాకు భారం. కంపెనీకి ఒక్కో ఉద్యోగానికి 20,000 రూపాయల చొప్పున భూమి ధరలో తగ్గిస్తే అది 'ప్రోత్సాహకం'. రెండూ ఖజానా సొమ్మే కదా? కరెంటు చార్జీలు పెంచొద్దన్నందుకు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురి ప్రాణాలు పోయాయి.

ఇక కొలువుల సంగతి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు అమలు చేయాలని, 1985లో వచ్చిన 610 జీవోను అమలు చేయాలని ఉద్యోగులు ఏండ్ల తరబడి కొట్లాడారు. ఆ ఉత్తర్వులు సర్కారు కొలువులకే వర్తించాయి. కొత్త కొలువులేమో వాటి పరిధి బయట, అద్దాల మేడల్లో పుట్టాయి. సర్కారును కుదించాలన్న సిద్ధాంతం స్థానికుల హక్కునూ కుదించింది. ఐటీలో మన పిల్లలూ ఉద్యోగాలు తెచ్చుకున్నారు, కాదనం. అది హక్కుగా దక్కిందా, మార్కెట్ దయతో దక్కిందా అన్నదే మా ప్రశ్న.

అన్నిటికంటే పెద్ద సంపద భూమిలో పుట్టింది. భూమి విలువ పెరిగేది సమాజం వల్ల, ఆ పెరుగుదల సమాజానికే చెందాలని హెన్రీ జార్జ్ 1879లోనే వాదించాడు. ఆ సిద్ధాంతాన్ని మాత్రం మన పాలకులెవరూ అరువు తెచ్చుకోలేదు. రోడ్లు, నీళ్లు, ఔటర్ రింగురోడ్డు ప్రజల సొమ్ముతో వచ్చాయి. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ధర పెరగకముందే అమ్ముకున్న రైతుకు ఇందులో వాటా లేదు. ఆ టవర్లు ఊడ్చే అక్కకు, కాపలా కాసే అన్నకు అక్కడ కిరాయి ఇల్లు కూడా అందదు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జెండా మారింది, కుర్చీలు మారాయి. సిద్ధాంతం మారలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆరు సూత్రాల పథకం ఫలం, 1974లో పుట్టింది. దాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను 2025లో మన సర్కారే వేలానికి సిద్ధం చేసింది. విద్యార్థులు బుల్డోజర్లకు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. సర్కారు భూమి అమ్మిన ప్రతి రూపాయి లెక్క చట్టసభ ముందుంచాలి. వేలం సొమ్ములో కొంత అక్కడ పనిచేసే కార్మికుల ఇండ్లకు చట్టబద్ధంగా కేటాయించాలి. యూనివర్సిటీలను ఆనుకుని ఉన్న భూముల జోలికి పోవద్దు. తెలంగాణ అడిగింది నీళ్లు, నిధులు, నియామకాల కోసమే. ఆ లెక్క ఇంకా తేలలేదు. తేలేదాకా అడుగుతూనే ఉందాం.

జై తెలంగాణ!