పుల్ల, కట్ట, మోపు



అందరూ పలక మీద 'నూట ఐదు' రాయండి.

రాశారా? కొందరు 105 అని రాసి ఉంటారు. కొందరు 1005 అని రాసి ఉంటారు. బడిలో చిన్న పిల్లలు కూడా ఇట్లనే రాస్తారు. ఎందుకు? చెవికి ముందు 'నూరు' వినపడుతుంది. 100 వేస్తారు. తర్వాత 'ఐదు' వినపడుతుంది. పక్కన 5 పెడతారు. పిల్లకు తెలివి లేక కాదు. విన్నది విన్నట్టు రాసింది. అంకెకు ఒక స్థానం ఉంటుంది. ఆ సంగతి ఎవరూ చేతికి చూపలేదు. అంతే.

ఇది తిడితే రాదు. కొడితే రాదు. ఆడిస్తే వస్తుంది.

ఆటకు కొనేది ఏమీ లేదు. వందకు పైగా సన్నటి కందిపుల్లలు కావాలి. కొంచెం దారం కావాలి. ఆరు చింతగింజలు కావాలి. గింజల్ని ఒక పక్క బండ మీద అరగదీయాలి. ఆ పక్క తెల్లగా అవుతుంది. అష్టాచెమ్మ ఆటకు చేసినట్టే.

నేల మీద ముగ్గుపిండితో మూడు గడులు గీయాలి. అన్నం తినే చేతి వైపు గడి పుల్లలది. నడిమి గడి కట్టలది. ఎడమ చేతి గడి మోపుది.

నలుగురు పిల్లలు చుట్టూ కూర్చుంటారు. వంతులవారీగా గింజలు వేస్తారు. ఎన్ని గింజలు తెల్లగా పడితే అన్ని పుల్లలు గడిలో పెట్టాలి. ఒక్కటీ తెల్లగా పడకుంటే ఆ వంతుకు పుల్లలు రావు.

ఆటకు ఒకటే కట్టుబాటు. ఏ గడిలోనూ పది ఉండరాదు. పది పుల్లలు కాగానే దారంతో కట్ట కట్టాలి. కట్ట నడిమి గడికి పోవాలి. పది కట్టలు అయితే ఒక మోపు. మోపు ఎడమ గడికి పోవాలి. నలుగురూ కలిసి మోపు కడితే ఆట గెలిచినట్టే.

ప్రతి వంతుకూ ఒక పిల్ల లెక్క రాయాలి. గడిలో 8 పుల్లలు ఉన్నయి. ఇంకా 5 వచ్చినయి. పదింటిని కట్ట కట్టారు. 3 మిగిలినయి. ఒక కట్ట, మూడు పుల్లలు. పలక మీద 13.

కొంత సేపటికి రెండు కట్టలు అయితయి. పుల్లల గడి ఖాళీ. పిల్ల 2 అని రాస్తుంది. అప్పుడు కోపం చేయవద్దు. "రెండు పుల్లలు చూపు బిడ్డా" అనాలి. పిల్ల వెతుకుతుంది. పుల్లలు లేవు. ఉన్నవి కట్టలు. ఖాళీ గడికి ఒక గుర్తు కావాలి. ఆ గుర్తే సున్న. ఇప్పుడు 20 అని రాస్తుంది.

మోపు కట్టినాక ఇంకో ఐదు పుల్లలు పెట్టండి. మోపు ఒకటి. కట్టలు లేవు. పుల్లలు ఐదు. 105. మరి 1005 రాయాలంటే నాలుగు గడులు కావాలి. ఉన్నవి మూడే. పిల్ల తన తప్పు తానే దిద్దుకుంటుంది.

తీసివేత కూడా ఇట్లనే. 12లో 5 తీయాలి. పుల్లలు రెండే ఉన్నయి. కట్ట విప్పాలి.

ఈ పద్ధతి మన దేశంలో పుట్టింది. గ్వాలియర్ కోటలో ఒక గుడి ఉంది. అక్కడ 876 నాటి శాసనం ఉంది. పూలతోట పొడవు 270 మూరలు అని, దేవునికి రోజూ 50 పూలదండలు అని అందులో చెక్కారు. రెండింటిలోనూ సున్న ఉంది. ఈ అంకెలు అరబ్బుల ద్వారా యూరప్‌కు పోయినయి. ఇప్పుడు ప్రపంచమంతా ఇట్లనే రాస్తున్నారు.

ఈ ఆట పిల్లలకే కాదు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టారు. చాలామంది మేస్త్రీ దగ్గర ముందుగా పైసలు తీసుకుని పోయేవారు. లెక్క మేస్త్రీ రాసేవాడు. చదువు రాని కూలీలు వేలిముద్ర వేసేవారు. 500 పక్కన ఒక్క సున్న చేరితే ఏమవుతుంది? 5000 అవుతుంది. ఆ సున్న వెల 4500 రూపాయలు. ఎన్ని దినాల రెక్కల కష్టం!

సున్న పోయినా నష్టమే. పొదుపు పుస్తకంలో 205 ఉండాలి. నడిమి సున్న పోతే 25. 180 రూపాయలు పోయినట్టే.

2011 జనాభా లెక్కలు చూడండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడేళ్లు నిండినవాళ్లలో నూటికి 55 మందికే చదువు వచ్చు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఇదే అన్నిటికన్నా తక్కువ. ఈ 55లో రెండు ఐదులు ఉన్నయి. రెండూ చూపుకు ఒకటే. ఒకటి ఐదు పుల్లలు. ఇంకొకటి ఐదు కట్టలు. ఏది ఎంతో చెప్పేది దాని స్థానమే.

ఇయ్యాల సాయంత్రం పిల్లలతో పుల్లలు ఏరించండి. మీరూ వాళ్ల పక్కన కూర్చుని ఆడండి. ఆట అయినాక మీ పొదుపు పుస్తకం తెరవండి. కుడి నుంచి ఒక్కో అంకె మీద వేలు పెట్టండి. ఏది పుల్ల, ఏది కట్ట, ఏది మోపు? పైకి చదవండి. పిల్లలను విననీయండి.