చీర కుచ్చిళ్లు ఎందుకలా జారతాయి? మన వెంకటగిరి కాటన్ చెప్పే సంగతి

"ఫోటోలో సూపర్‌గా ఉంది, కడితే అట్టముక్కలా నిలబడింది." చీర ఆన్‌లైన్‌లో కొన్నాక ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. తప్పు చీరదేనా? చూద్దాం.

ఒక గ్లాసు మీద కాగితం కప్పండి, ఇంకో గ్లాసు మీద చేతిరుమాలు కప్పండి. కాగితం ఒకవైపే వంగుతుంది. రుమాలు చుట్టూ మడతలు పడి జారుతుంది. ఎందుకంటే బట్టలో పడుగు, పేక పోగులు ఒకదాని మీద ఒకటి కొంచెం జరుగుతాయి. ల్యాబుల్లోనూ ఇలాంటి పరీక్షే చేస్తారు. 30 సెంటీమీటర్ల గుండ్రటి బట్టని 18 సెంటీమీటర్ల బిళ్ళ మీద పరిచి, నీడ కొలుస్తారు. నీడ ఎంత చిన్నదైతే బట్ట అంత మెత్తగా జారుతున్నట్టు.

ఇప్పుడు మన నెల్లూరు సీమకి వద్దాం. వెలుగోటి రాజుల ఆదరణలో పేరు తెచ్చుకున్న వెంకటగిరి చీరకి పేరే సన్నటి నేత. అందులో 100 కౌంట్ నూలు వాడతారు. అంటే ఒక పౌండు, సుమారు 454 గ్రాముల నూలు, దాదాపు 77 కిలోమీటర్ల పొడవు వస్తుంది! పోగు ఎంత సన్నగా ఉంటే అంత తేలిగ్గా వంగుతుంది. జరీ అంచు బరువు కుచ్చిళ్లని కిందికి లాగుతుంది. మనం ఫాల్ కుట్టించేదీ అందుకే కదా.

మరి కొత్త చీర బిరుసుగా ఎందుకుంటుంది? గంజి! మగ్గం మీద పడుగు తెగకుండా గంజి పట్టిస్తారు. నాలుగు ఉతుకులకి అది పోతుంది, చీర ఒంటికి అలవాటవుతుంది. మైపాడు బీచ్‌కి గంజి చీర కట్టుకెళ్లి చూడండి, ఆ తేమకే మెత్తబడిపోతుంది.

పాలిస్టర్ మొదటి రోజే నీళ్లలా జారుతుంది, వీడియోలో అదిరిపోతుంది. కానీ చెమట పీల్చదు. అనుమానం ఉంటే కొంగు చివర ఒక్క పోగు లాగి, సింక్ దగ్గర జాగ్రత్తగా కాల్చండి. కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

కాబట్టి ఫ్రెండ్స్, "గట్టిగా ఉంది" అని ఒక్క స్టార్ ఇచ్చి వెనక్కి పంపే ముందు ఆగండి. ఆ చీర వెనక ఒక నేత కుటుంబం రోజుల తరబడి చేసిన పని ఉంది. దాన్ని మొదటి రోజు కాదు, నాలుగో ఉతుకు తర్వాత చూసి చెప్పండి.

మీ అమ్మమ్మ పాత కాటన్ చీర ఎంత మెత్తగా ఉందో ఒకసారి పట్టుకుని చూసి, కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!