పడవ మోటారు వేడెక్కితే



బెజవాడలో బెంజ్ సర్కిల్ మీకు తెలుసు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే పెద్ద రోడ్డూ, బందరు రోడ్డూ అక్కడ కలుస్తాయి. ఎండాకాలం అక్కడ ఒక్కోసారి లారీ ఆగిపోతుంది. ముందు నుంచి ఆవిరి వస్తుంది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తుతాడు. ఇంజను చల్లారాక రేడియేటరులో నీళ్ళు పోస్తాడు. వెనక హారన్లు మోగుతాయి. అంతే. లారీ ఆగినచోటే నిలబడుతుంది.

పడవకు ఆ వీలు లేదు. మోటారు ఆగినా పడవ ఆగదు. నీళ్ళు ఎటు లాగితే అటు పోతుంది.

అదే బందరు రోడ్డు పట్టుకుని పోతే సముద్రం వస్తుంది. గిలకలదిండిలో, అటు నాగాయలంకలో ఎన్నో కుటుంబాలకు వేటే బతుకు. కొన్ని పడవలకు వెనక మోటారు తగిలించి ఉంటుంది. దాని తల పైన, కాలు నీళ్ళలో. దీన్ని అవుట్‌బోర్డ్ మోటారు అంటారు.

ఈ మోటారుకు రేడియేటరు ఉండదు. పడవ కింది నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి. కాలు దగ్గర చిన్న రంధ్రాలుంటాయి. లోపల రబ్బరు రెక్కల చక్రం తిరుగుతూ నీళ్ళను పైకి తోడుతుంది. ఆ నీళ్ళు ఇంజను చుట్టూ తిరిగి, వేడిని తీసుకుని బయటికి పోతాయి. అందులో కొంచెం మోటారు వెనక సన్నని ధారగా పడుతుంది. ఈ ధారను గుర్తుపెట్టుకోండి.

ధార ఆగిందా? ఆవిరి వస్తోందా? మోటారు వెంటనే ఆపాలి. "ఇంకెంత దూరంలే" అని నడిపితే పిస్టను పట్టేస్తుంది. మోటారు కొన్న అప్పు తీరకముందే బాగుచేసే అప్పు మీద పడుతుంది.

ఆపాక లంగరు వేయాలి. మోటారు ఎత్తి కింద చూడాలి. కాలవల్లో గుర్రపుడెక్క ఎక్కువ. ప్లాస్టిక్ కవర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవే రంధ్రాలకు అడ్డం పడతాయి. చేత్తో తీసేయాలి. మోటారు ఆగకుండా మాత్రం పంకా దగ్గర చెయ్యి పెట్టకూడదు. వేళ్ళు పోతాయి.

అక్కడ అడ్డం లేకపోతే ధార వచ్చే రంధ్రం చూడండి. ఇసుక పూడితే సన్నని తీగతో తీయవచ్చు. అప్పటికీ ధార రాకపోతే రబ్బరు రెక్కలు అరిగి ఉండవచ్చు. అది మెకానిక్కు పని. ఒడ్డున నీళ్ళు లేకుండా మోటారు ఆడించి చూస్తారు కొందరు. కాసేపటికే ఆ రబ్బరు మాడిపోతుంది. వద్దని గట్టిగా చెప్పండి. కాలిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించడమూ తప్పే. లోహం పగలవచ్చు.

సముద్రం నుంచి వచ్చాక మోటారు లోపల మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే ఉప్పు పేరుకుని నీళ్ళ దారులు మూసుకుపోతాయి.

టూ-స్ట్రోక్ మోటారుకు పెట్రోల్లో ఆయిలు కలుపుతారు. ఆయిలు తగ్గినా వేడెక్కుతుంది. చాలా మోటార్లకు 1 లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. కొందరు కంటి అంచనాతో పోసేస్తారు. మీ మోటారు పుస్తకంలో ఎంత రాశారో మీరే చదివి, కొలిచి పోయండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునిగింది. వీధుల్లో పడవలు తిరిగాయి. వరద నీళ్ళలో బట్టలు, కవర్లు, చెత్త కొట్టుకొస్తాయి. అలాంటి చోట ధార ఎప్పుడైనా ఆగవచ్చు. నడిపేవాడి చూపు ముందుకు ఉంటుంది. వెనక ధార మీద పడవలో కూర్చున్నవాళ్ళు ఒక కన్ను వేసి ఉంచాలి. అది ఆగితే మొహమాటం వద్దు. "అన్నా, నీళ్ళు రావడం లేదు, మోటారు ఆపు" అని అరవండి.