గీత మారినా బాధ్యత మారదు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యం, రాష్ట్రం, సరిహద్దు అనే విషయంపై నాలుగు మాటలు చెప్పమన్నారు. పాఠ్యపుస్తకంలో ఈ మాటలు బరువుగా కనిపిస్తాయి గాని, అచ్చంపేట వాళ్లకు ఇవి కళ్లెదుట జరిగిన సంగతులే.

రాజ్యానికి నాలుగు అంగాలు చెబుతారు: భూభాగం, ప్రజలు, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. నాలుగోది లేనిదే అది పూర్తి రాజ్యం కాదు. నిజాం సంస్థానానికి సొంత నాణెం హాలీ సిక్కా, సొంత తపాలా, కరోడ్‌గిరి సుంకం ఉండేవి. అయినా విదేశీ వ్యవహారాలు బ్రిటిషు వారి చేతిలో ఉండేవి. నేటి మన రాష్ట్రానికీ శాసనసభ ఉంది, సరిహద్దు ఉంది. సార్వభౌమాధికారం మాత్రం యావద్భారతానిది. అందుకే రాష్ట్రాల ఎల్లలు మార్చే అధికారాన్ని రాజ్యాంగం 3వ అధికరణంలో పార్లమెంటుకు ఇచ్చింది.

ఇక సరిహద్దు. నదిని సహజ సరిహద్దు అంటాం. కాని మనుషులు ఒప్పుకుంటేనే నది సరిహద్దు అవుతుంది. మన కృష్ణనే చూడండి. 1800లో నిజాం దక్షిణాది సీమను కంపెనీకి దత్తం చేయడంతో తుంగభద్ర, దాని సంగమం దిగువన కృష్ణ ఎల్లలయ్యాయి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కృష్ణకు ఇవతల మనం హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాం. 1956 నవంబరు 1న అదే నది రెండు జిల్లాల నడుమ గీతగా మిగిలింది. 2014 జూన్ 2న మళ్లీ రెండు రాష్ట్రాల ఎల్ల అయింది. నది ఉన్నచోటనే ఉంది, గీత విలువ మారింది.

నదికి బదులు భాష కూడా ఎల్లను నిర్ణయిస్తుంది. 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు తెలుగు ప్రాంతాలు కనుక మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి.

గీత గీసినంత తేలిక కాదు, ఉన్నదాన్ని పంచడం. నల్లమలలో చెంచులు ఏటికి రెండు వైపులా ఉన్నారు. శ్రీశైలం జలాశయం ఒక్కటే. కుడిగట్టు విద్యుత్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌ది, ఎడమగట్టుది తెలంగాణది. కనుకనే నీటి లెక్క చూడటానికి నదీ యాజమాన్య బోర్డు అవసరమైంది.

మన సంగతీ అంతే. మనలో చాలామంది చాకిరీ చేసింది ఉమ్మడి రాష్ట్రానికి. ఆ రాష్ట్రం పోయింది గనుక మన సర్వీసు పోతుందా? పోదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం ఎనిమిదో షెడ్యూలులో పెన్షన్ల భారాన్ని రెండు రాష్ట్రాలూ జనాభా నిష్పత్తిలో పంచుకోవాలని రాశారు. భూమిని పంచుకున్నవారు బాకీని కూడా పంచుకోవాలన్నదే అందులోని న్యాయం. పెన్షన్ దయ కాదు, చేసిన సేవకు ప్రతిఫలం. సరిహద్దు ఎన్నిసార్లు మారినా ఆ మాట మారకూడదు.

మీ మనుమలు అట్లాసు తెరిచినప్పుడు కృష్ణ వెంబడి గీతను చూపించి, ఈ కథ చెప్పండి.