ఊఁ కొట్టే సభ



మీ చేతిలో ఫోన్ ఒక కంపెనీది. పట్నంలో మీ పిల్లాడి ఫోన్ ఇంకో కంపెనీది. అయినా మీరు పంపిన ఫోటో వాడికి చేరుతోంది. ఎట్లా? రెండూ ఒకే కట్టుబాట్ల మీద నడుస్తున్నాయి గనక. ఆ కట్టుబాట్లు ఏ పార్లమెంటూ చెయ్యలేదు. వాటిల్లో చాలామట్టుకు ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ అనే సభ తేల్చినవే.

1986 జనవరిలో అమెరికాలో, శాన్‌డియాగోలో 21 మందితో మొదలైందది. ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు కూడుతుంది. సభ్యత్వం లేదు. ఎవరైనా ఈ-మెయిల్‌లో మాట కలపొచ్చు.

తెగ్గొట్టడానికి ఓటు లేదు. వాళ్ళ పాత అలవాటొకటి ఉంది, నవ్వకండి. అవునన్నవాళ్ళు ఒకసారి, కాదన్నవాళ్ళు ఇంకోసారి, మనం కథకు ఊఁ కొట్టినట్టు పెదవులు మూసుకొని ఊఁ కొడతారు. ఎవరి గొంతు ఎవరిదో తేలదు. ఆ ఊఁ కూడా తీర్పు కాదు, పేచీ ఎక్కడుందో పట్టుకోడానికే. అభ్యంతరం ఒక్కడిదైనా సరే, జవాబు వెతక్కుండా తోసెయ్యకూడదు. జవాబు దొరికితే మాత్రం వందమంది కాదన్నా ఐదుగురి మాట నిలబడొచ్చని 2014లో వాళ్ళే రాసుకున్నారు. లారీలెక్కించి జనాన్ని తెచ్చినంత మాత్రాన గెలిచే సభ కాదది.

బాగానే ఉంది. మరి లోపల ఎవరున్నారు? సభకు పోవాలంటే వందల డాలర్ల ఫీజు, విమానం, వీసా. ఇంటినుంచే పాల్గొనే పేదలకు 2020 నుంచి ఫీజు మాఫీ ఇస్తున్నారు. కానీ మాటంతా ఇంగ్లీషులోనే. మన గ్రామసభకు మాత్రం తలుపుందా? అయినా ముందు కుర్చీలో ఎవరు, వెనక నిలబడేదెవరు, మనకు తెలియదా!

ఆ రంగం పత్రాల్లో పని చెప్పే యంత్రానికి యజమాని అని, చేసేదానికి బానిస అని దశాబ్దాలుగా పేర్లు. ఆ మాటలు తీసెయ్యమని 2018లో ఒక ముసాయిదా పెట్టారు. ఏళ్ళ తరబడి వాదన. ఉత్త సాంకేతిక పదం గదా అన్నారు కొందరు. పేరుపెట్టి పిలవడంలో ఎంత కోత ఉంటదో మన చెవులనడగండి.

వెబ్ చిరునామా తెలుగు అక్షరాల్లో ఎట్లా ఇమడాలో 2010లో నియమాలు రాసిందీ ఆ సభే.

ఇంజనీరింగ్ చదివే హాస్టల్ పిల్లలు ఇవాళ వెనక వరసలో కూచున్నారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ పత్రాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఒక్కటి చదివి, వచ్చే సభలో ముందుకొచ్చి మాకు తెలుగులో చెప్పండి. మేం ఊఁ కొడతాం, అర్థంకాని చోట ఆపి అడుగుతాం.