రాళ్లు కూడు పెట్టునా?
(తడయందలి వార్షిక మహాసభలో నొసంగిన యుపన్యాసము)



మన సంఘములవారు విద్యార్థి వేతనముల నిచ్చునపుడు వైద్యమును, యంత్రవిద్యను జదువువారినే ముందుగా దలఁచుట పరిపాటి. భూగర్భశాస్త్రమును జదువుదునను బాలకుని జూచి "రాళ్లు కూడు పెట్టునా?" యని పెద్దలు నవ్వుదురు. ఆ ప్రశ్నకు మాకుఁ దోఁచిన సమాధానమును మనవి చేయుదుము.

2003లో బర్క్, ఆష్వాల్, వెబ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఆఫ్రికా ఖండపు ప్రాచీన శిలలను బట్టి యొక క్రొత్త మార్గమును జూపిరి. ఖండము చీలుచోట క్షారశిలలు పుట్టును. ఆ చీలిక సముద్రమగును. కాలాంతరమున నది మూసికొని ఖండములు రెండును ఢీకొనును. అపుడా శిలలు నలిగి రూపుమాఱును. కావున నలిగిన క్షారశిల కానవచ్చినచోట నొకప్పటి సముద్రము మూసికొనిన యతుకు గలదని యూహింపవచ్చును.

ఈ మార్గమును మన ద్వీపకల్పమునకు వర్తింపఁజేయుచు 2006లో నా మువ్వురితోఁ గూడి వ్యాసము వ్రాసినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయాచార్యులు సి. లీలానందముగారు. వారు కొండపల్లి కొండలను, ఏల్చూరు క్షారశిలలను శ్రద్ధతోఁ బరిశోధించినవారు. ఏల్చూరు శిలల వయస్సు సుమారు 130 కోట్ల యేండ్లు. మఱియు 2010లో విజయకుమారుగారు, ఎర్న్‌స్ట్, లీలానందముగారు మొదలగువారు మన నెల్లూరుసీమలోని కండ్ర శిలలు 185 కోట్ల యేండ్లనాఁటి సముద్రతలమని ప్రకటించిరి. పులికాటు నీటిని నిత్యము జూచు మనకు, మన సీమలోనే యొక సముద్రపు నేల ఱాయియై యున్నదన్నచో నాశ్చర్యము గాదా?

చూడుఁడు! మార్గము ఆఫ్రికానుండి వచ్చినది. దానికిఁ దగిన శిలలు మనయొద్ద నున్నవి. ఇంటి ఱాతిని బాగుగ నెఱిఁగిన పండితుఁడే పరదేశపు విద్వాంసులతో సరిసమానముగాఁ గూర్చుండెను.

ఇఁక కూటి మాట. గూడూరు అభ్రకము, మంగంపేట ముగ్గురాయి యీ శాస్త్రమువలననే విలువ కెక్కినవి. బావి త్రవ్వుచోటు నిర్ణయించుటకును నిదియే యాధారము. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1941లోనే యీ శాఖ వెలసినది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును గలదు. కొఱఁత విద్యాలయములది గాదు, మన ప్రోత్సాహముదే. కొండలవెంటఁ దిరుగుటకును, శిలలను బరీక్షింపించుటకును ధనము కావలయును. బీదవిద్యార్థి యచ్చటనే యాగిపోవును.

కావున నేఁటా ఒక్క వేతనమైనను, బాలుఁడని బాలికయని భేద మెంచక, భూగర్భశాస్త్ర విద్యార్థికిఁ బ్రత్యేకింపవలయునని యీ సభవారిని, దాతలను వినయపూర్వకముగాఁ బ్రార్థించుచున్నాము.