పెంటకు పోయే సంచిలో ఏం పెట్టుకోవాలి



మన సంఘం వాళ్ళు నన్ను "మన భాష, మన సంస్కృతి" మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. దాని మీద పెద్దలు చాలా చెప్పారు. నేను హాస్టల్ వార్డెన్‌ను. లెక్క పెట్టడం, సర్దడం, తాళం వేయడం నా పని. అందుకే ఈ రోజు ఒక సంచి గురించి మాట్లాడతాను. మీ పెంటలో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయడానికి పోయేటప్పుడు భుజాన వేసుకునే సంచి అది. అందులో ఏముండాలో, ఏది ఇంట్లోనే వదిలిపెట్టి పోవాలో చెప్తాను.

దానికి ముందు నా తప్పులు రెండు ఒప్పుకోవాలి.

మొదటిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో తరగతి పిల్ల ఒకతి సెలవుల మీద వ్యాసం రాసింది. "మా పెంటకు పోయినం. మా అవ్వతోని గడ్డలకు పోయినం" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో "పెంట" కొట్టేసి "గ్రామం" అని రాశాను. "గడ్డలకు పోయినం" కొట్టేసి "దుంపల కోసం వెళ్ళాము" అని దిద్దాను. టీచర్ ట్రైనింగ్‌లో నేర్చుకున్నది అదే. పట్నంలో పెంట అంటే చెత్తకుప్ప. పిల్లను ఎవరూ నవ్వకూడదని అనుకున్నాను. నేను కూడా పెంటలోనే పుట్టాను కదా, ఆ మాట మాకు ఊరు అని నాకు తెలుసు. తెలిసీ కొట్టేశాను. ఆ తర్వాత ఆ పిల్ల ఏ వ్యాసంలోనూ పెంట అని రాయలేదు.

రెండోది. 2012 ఎండాకాలంలో మా అవ్వ మాటలు రికార్డు చేద్దామని కూర్చున్నాను. చేతిలో బటన్ల ఫోన్. అవ్వ ఆ రోజు బాగా మాట్లాడింది. కొండ అంచు నుంచి తాడు దించి తేనె తీయడం, పొగ పెట్టడం, పైన తాడు పట్టేది బావమరిదే ఎందుకు కావాలో, అన్నీ చెప్పింది. "అక్క ముండమోస్తదని బావమరిది తాడు ఇడువడు బిడ్డా" అని నవ్వింది. నలభై నిమిషాలు. హాస్టల్‌కు వచ్చి విన్నాను. గాలి హోరు, పక్కింటి కోళ్ళు, నా గాజుల చప్పుడు. అవ్వ గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టుంది. మళ్ళీ పోయి చేద్దాంలే అనుకున్నాను. పరీక్షలు, బిల్లులు, ఆడిట్ వచ్చాయి. మరుసటి ఏడు అవ్వ పోయింది. ఫోన్ మారుస్తూ ఆ కార్డును కూడా నేనే తుడిచేశాను. ఇప్పుడు ఆ నవ్వు నా చెవిలో తప్ప ఎక్కడా లేదు.

అందుకే ఈ సంచి.

మీలో కొందరు అడుగుతారు, మనం మాట్లాడేది తెలుగే కదా, రికార్డు ఎందుకని. చదువుకున్నవాళ్ళలో కొందరు మన మాటను తెలుగులో ఒక యాస అంటారు, కొందరు వేరే భాష అంటారు. ఆ వాదన తేలాలన్నా ముందు వినడానికి గొంతు దొరకాలి కదా. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ చేసిన పెద్ద భాషా సర్వేలో హైదరాబాద్ సంస్థానాన్ని, మద్రాసు రాజధానిని వదిలేశారు. కృష్ణకు అటూ ఇటూ ఉన్న నల్లమల ఆ లెక్కలోకి రాలేదు. 1940లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు ఈ అమ్రాబాద్ గట్టు మీదికి వచ్చి చెంచు పెంటల్లో ఉన్నాడు. 1943లో చెంచుల మీద ఇంగ్లిష్‌లో పెద్ద పుస్తకం తెచ్చాడు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు అక్కడ చూడొచ్చు. వాళ్ళు ఎట్ల మాట్లాడారో ఫోటోలో వినపడదు.

ఇంకొకటి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం పని మొదలుపెట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటం తెచ్చారు. తర్వాత చేనేత పదాలకు ఒక సంపుటం వచ్చింది. నాగలి పట్టే రైతు మాటకు, మగ్గం మీద కూర్చున్న నేతగాడి మాటకు అట్ల విలువ దక్కింది. తేనె తీసే చెంచు మాటకు, గడ్డ తవ్వే అవ్వ మాటకు ఆ పని మనం చేసుకోవాలి. బయటివాళ్ళు వచ్చి చేస్తే సంతోషమే. కానీ అవ్వ మనసు విప్పి మాట్లాడేది మనుమడితోనే, మనుమరాలితోనే.

ఇక సంచి విప్పుదాం.

మొదట యంత్రం. కొత్తది కొనేదాకా ఆగాలని అనుకోకండి. మీ జేబులో ఉన్న ఫోన్ నా పాత బటన్ల ఫోన్ కన్నా ఎంతో మేలు. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో 'వేవ్' ఫార్మాట్ ఉంటే అదే పెట్టండి. ఎంపీత్రీ గొంతును నలిపి చిన్నది చేస్తుంది. నా పాత ఫోన్ ఇంకా ఎక్కువ నలిపేది. అట్ల నలిగినప్పుడు ముందు పోయేవి సన్నని ధ్వనులు. మన పెద్దవాళ్ళు 'చాప' అన్నప్పటి చ వేరు, 'చెంచు' అన్నప్పటి చ వేరు. నాలుక ఆనే చోటే వేరు. ఆ తేడా సన్నని ధ్వనుల్లోనే ఉంటుంది. అది పోతే తర్వాత రాసుకునేవాళ్ళకు రెండూ ఒకటే వినపడతాయి.

సంఘం డబ్బుతో కొనేటట్టయితే చేతిలో పట్టే చిన్న రికార్డరు కొనండి. జూమ్, టాస్కామ్ కంపెనీలవి ఎక్కువమంది వాడతారు. కొనేటప్పుడు నేను చూసేది మూడే సంగతులు. ఒకటి, మామూలు పెన్సిల్ సెల్లుతో నడవాలి. లోపల బిగించిన బ్యాటరీ అయితే అది అయిపోయిన చోట పని ఆగిపోతుంది. పెన్సిల్ సెల్లు మన్ననూర్‌లో దొరుకుతాయి, వటవర్లపల్లిలో కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి. రెండు, విడిగా మైకు పెట్టుకునే రంధ్రం, హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం రెండూ ఉండాలి. మూడు, పదో తరగతి పిల్ల అరగంటలో నేర్చుకునేటట్టు ఉండాలి. వంద బటన్లున్న యంత్రం తెస్తే ఒక్కరికే వస్తుంది, ఆ ఒక్కరు ఉద్యోగానికి పోతే బీరువాలో పడుంటుంది.

సెట్టింగు ఒకసారి పెట్టి వదిలేయండి: వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రెండు ఛానెళ్ళతో గంటకు ఒక జీబీ కొంచెం దాటుతుంది. అంటే 32 జీబీ కార్డులో ముప్పై గంటల దాకా పడుతుంది. పెద్ద కార్డు ఒక్కటి కొనేకన్నా చిన్న కార్డులు రెండు కొనండి. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. 'ఆటో లెవెల్' మాత్రం ఆపేయండి. అది ఉంటే అవ్వ ఆగి ఊపిరి తీసుకున్నప్పుడల్లా యంత్రం కీచురాళ్ళ గోలను పైకి లేపుతుంది. గొంతు మైనస్ 12 దగ్గర ఆడేటట్టు చేత్తో పెట్టండి.

తర్వాత మైకు. డబ్బు తక్కువుంటే ఉన్న డబ్బు మైకు మీద పెట్టండి. తీగ ఉన్న కాలర్ మైకు చాలు. తీగ లేనివాటికి వాటి ఛార్జింగు ఇంకో తలనొప్పి. ఫోన్ మైకు పిన్ను మీద మూడు గీతలుంటాయి, రికార్డరు మైకు పిన్ను మీద రెండు ఉంటాయి. ఒకదానిది ఇంకోదానికి సరిగ్గా పని చేయదు. కొత్త ఫోన్లకు ఆ రంధ్రమే ఉండదు. బయలుదేరే ముందు పెట్టి చూడండి. మైకుకు గాలి ఆపే బొచ్చు తొడుగు తప్పకుండా ఉండాలి. అది లేకనే మా అవ్వ మాటలు గాలికి పోయాయి.

హెడ్‌ఫోన్ అక్కరలేదనుకుంటారు. అది కూడా కావాలి. మన చెవి చప్పుళ్ళను పక్కకు తోసి మాటనే వింటుంది. మైకు అన్నింటినీ సమానంగా వింటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటేనే రేకుల కప్పు మీద చినుకు, ఫ్యాను, పొయ్యిలో కట్టెల చిటపట, మీ చేతి గాజులు తెలుస్తాయి. మొదటి రెండు నిమిషాలు రికార్డు చేసి, ఆపి, వినండి. తర్వాతే అసలు పని.

ఇప్పుడు సర్దడం. మా హాస్టల్‌లో పిల్లలకు ట్రంకు పెట్టె సర్దడం నేర్పినట్టే చెప్తాను. యంత్రం, మైకు, కార్డులు పాత తువ్వాలలో చుట్టి, గట్టి మూత ఉన్న టిఫిన్ డబ్బాలో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు నాలుగు అందులో వేయండి. వానాకాలం చెమ్మను అవి పీల్చుకుంటాయి. కొత్త సెల్లు ఒక కవర్‌లో, వాడినవి ఇంకో కవర్‌లో. కలిపితే చీకట్లో ఏడవాల్సి వస్తుంది. పవర్ బ్యాంకు, ఛార్జర్ తీగ, చిన్న టార్చి, నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు. తడిస్తే పెన్ను రాత కారిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. అన్నింటినీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి భుజం సంచిలో పెట్టండి. తిండి, నీళ్ళు వేరే సంచిలో. నీళ్ళ సీసా, రికార్డరు ఒకే సంచిలో ఉండొద్దు. తిండి సంచి కోతులు లాక్కుపోయినా పని సంచి మిగులుతుంది. ఎండాకాలం జీపులో, ఆటోలో అద్దం ముందు పెట్టొద్దు.

అప్పాపూర్ లాంటి లోపలి పెంటలకు పోతే మధ్యలో వెనక్కి వచ్చి మర్చిపోయింది తెచ్చుకోవడం కుదరదు. అందుకే ముందు రోజు రాత్రి లైటు ఆర్పి, చేత్తో తడిమి ఒక్కొక్కటి తీసి చూడండి. చీకట్లో దొరికితే సర్దడం సరిగ్గా ఉన్నట్టు.

ఇంట్లో వదిలి పోవాల్సింది ఒకటుంది. అది నా ఎర్ర పెన్ను. అవ్వ "పోయినం" అంటే "వెళ్ళాము" అని మీరు అనొద్దు. "దీన్ని మీ భాషలో ఏమంటరు" అని పదాల పరీక్ష పెట్టొద్దు. "గడ్డ యాడ దొరుకుతదని ఎట్ల తెలుస్తదవ్వా" అని అడిగి నోరు మూసుకోండి. ఆమె ఆగితే మీరూ ఆగండి. తర్వాతి మాట ఆ ఆగడంలో నుంచే వస్తుంది.

రికార్డు బటన్ నొక్కగానే మీ గొంతుతో తేదీ, పెంట పేరు, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పండి. రికార్డు చేయొచ్చా, ఎవరెవరికి వినిపించొచ్చు అని అడిగి, వాళ్ళ జవాబు కూడా అందులోనే పడనివ్వండి. వద్దంటే వద్దు. సగంలో ఆపమంటే ఆపాలి. ఒక తాత నాతో అన్నాడు: "పట్టు ఏ గట్టున ఉన్నదో చెప్తే రేపు లారీ వస్తది బిడ్డా." నిజమే. తేనె పట్టున్న చోటు, మందు చెట్టున్న చోటు, గారెల మైసమ్మ దగ్గర పెద్దలు గుట్టుగా చేసుకునేది, ఇవి నెట్‌లో పెట్టేవి కావు. మన మాట దాచుకోవాలని పోయి మన అడవిని పోగొట్టుకోవద్దు.

తిరిగి వచ్చిన రాత్రే రెండు చోట్ల కాపీ చేయండి. మూడో కాపీ వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో ఉండాలి. అప్పటిదాకా కార్డు తుడవొద్దు. తుడిస్తే ఏమవుతుందో నన్ను అడగండి. వాట్సాప్‌లో పంపాలంటే వాయిస్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, నలగదు. ఇంకొక కాపీ ఎంపీత్రీగా మార్చి చిన్న కార్డులో వేసి, ఆ పెంటకే తిరిగి ఇవ్వండి. పెంటల్లో కార్డు పెట్టుకునే పాటల స్పీకర్ డబ్బాలు ఉన్నాయి కదా. అందులో పెట్టి నలుగురూ వింటారు. "అట్ల కాదు, ఇట్ల" అని ఇంకో తాత దిద్దుతాడు. ఆ దిద్దడం కూడా రికార్డు చేయండి. అసలైన ఎర్ర పెన్ను ఆయన చేతిలో ఉంది.

చివరగా ఒక్క మాట. మా హాస్టల్‌లో ఇప్పుడు సెలవుల వ్యాసాల్లో పెంటను పెంట అనే రాస్తున్నారు పిల్లలు. పక్కన బ్రాకెట్‌లో అర్థం రాయమని కూడా నేను అడగడం లేదు. తెలియనివాళ్ళు అడిగి తెలుసుకుంటారు.

నా డబ్బుతో కొన్న సంచి ఒకటి నా గది బీరువాలో ఉంది. రికార్డరు, మైకు, బొచ్చు తొడుగు, హెడ్‌ఫోన్, కార్డులు రెండు. రిజిస్టర్‌లో పేరు రాసి, సంతకం పెట్టి ఎవరైనా తీసుకెళ్ళొచ్చు. రిజిస్టర్‌లో ఇప్పటికి పదకొండు సంతకాలున్నాయి. తిరిగి ఇచ్చేటప్పుడు సెల్లు ఛార్జ్ చేసి ఇవ్వండి. మీ అవ్వ ఉంటే ఈ వారమే పొండి. పరీక్షల తర్వాత అనుకోవద్దు.